పెన్న కాలువ నుంచి కృష్ణా గొట్టం దాకా: లేపాక్షి సీమ తాగిన నీళ్లు

కర్ణాటకలోని గౌరీబిదనూరు తాలూకాలో క్రీ.శ. 1388 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి ఈ సీమను ఏలుతున్న కాలమది. నీరే ప్రాణులకు ప్రాణమనీ, ప్రజలంతా సుఖంగా ఉండాలనీ తలచి, హెన్నె నదిని పెనుకొండకు తీసుకురావలసిందిగా ఆయన సింగాయభట్టు అనే జలసూత్ర నిపుణుణ్ణి ఆదేశించాడని అందులో ఉంది. హెన్నె అంటే మన పెన్న. నంది కొండల్లో పుట్టి, గౌరీబిదనూరు మీదుగా వచ్చి, హిందూపురం ప్రాంతంలో మన రాష్ట్రంలో అడుగుపెట్టే నది. సింగాయభట్టు కాలువ తవ్వించి ఆ నీటిని సిరువేరు చెరువుకు చేర్చాడు. కాలువకు తన ప్రభువు పేరే పెట్టాడు. పథకాలకు ఏలినవారి పేర్లు పెట్టడం ఇప్పటి వింత కాదన్నమాట.

చరిత్రకారులు ఈ శాసనాన్ని విజయనగర కాలపు సాంకేతిక నైపుణ్యానికి ఉదాహరణగా చూపుతారు. నేను చరిత్రకారుణ్ణి కాను, ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అందువల్లనేమో, నా దృష్టి అందులోని ఒక చిన్న విషయం మీద నిలిచింది. ఆ కాలువ పట్టణంలోకి సూటిగా రాలేదు, చెరువులోకి వచ్చింది. దూరపు నది ఎండినా, దారిలో కాలువకు గండి పడినా, ఊరి దగ్గర కొన్ని నెలల నీరు నిలవ ఉంటుంది. ఆరు వందల ఏళ్లు గడిచి, పెన్నకు బదులు కృష్ణ నీరు ఈ పీఠభూమికి ఎక్కి వస్తున్న ఈ రోజుల్లో ఆ చిన్న విషయానికి విలువ పెరిగింది.

లేపాక్షి, హిందూపురం ప్రాంతాల మిత్రులు, నా పాత రోగులు తరచుగా నన్నొక ప్రశ్న అడుగుతుంటారు. దూరం నుంచి శుద్ధి చేసిన నీరు గొట్టాల ద్వారా వస్తున్నప్పుడు ఊళ్లో బోర్లెందుకు, చెరువెందుకు? బోర్లు మూసివేస్తే పంచాయతీకి కరెంటు ఖర్చు తగ్గుతుంది, ఫ్లోరైడ్ పీడ వదులుతుంది కదా అని కొందరంటారు. గొట్టం నీళ్లు ఏ రోజు వస్తాయో, ఏ రోజు రావో తెలియదు, మా బోరే మాకు దిక్కు అని మరికొందరంటారు. ఇరువురి మాటలోనూ నిజముంది. అయితే ఎవరి మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే, ఈ సీమ తాగిన నీళ్ల చరిత్రనూ, ఆ నీళ్లతో వచ్చిన జబ్బుల చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూడాలి. నీరు మారిన ప్రతిసారీ ఇక్కడ ఒక జబ్బు పోయింది, మరొకటి వచ్చింది.

అనంతపురం ప్రాంతంలో ఏటా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చిన్నప్పటి పాఠాల్లో చదువుకున్నాం. పైన పలుచని ఎర్రమట్టి, కింద నల్లరాయి. పడిన వాన ఇంకేది తక్కువ, పారిపోయేది ఎక్కువ. ఇటువంటి నేల మీద మనిషి నిలిచి బతకాలంటే పారే నీటిని ఆపాలి. చెరువు పుట్టింది అందుకే.

విజయనగర కాలం ఈ సీమకు చెరువుల కాలం. అనంతపురం చెరువును 1364లో బుక్కరాయల మంత్రి చిక్కవొడయారు పండమేరు మీద కట్టించాడు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనమైతే చెరువుల శాస్త్రానికి ఒక పాఠ్యగ్రంథమే. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని కూడా పేరు, అక్కడ చెరువు కట్టించాడు. రెండేళ్లపాటు రోజుకు వెయ్యిమంది కూలీలు, కట్టకు రాయి తోలడానికి వంద బండ్లు పనిచేశాయట. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను ఆ శాసనం వరుసగా చెబుతుంది. తీయని నీటినిచ్చే నది, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల వంటివి అంగాలు. కట్ట నుంచి నీరు కారడం, చౌడు నేల, కొద్ది నీటికి విస్తారమైన ఆయకట్టు వంటివి దోషాలు. వాటిలో నన్ను ఆశ్చర్యపరచిన దోషం ఒకటుంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. లేపాక్షి, హిందూపురం, మడకశిర ప్రాంతాలకు ఈ దోషం తర్వాతి కాలంలో అక్షరాలా పట్టుకుంది. పెన్న, చిత్రావతి, పాపఘ్ని నదులన్నీ మైసూరు రాజ్యంలో పుట్టి మద్రాసు రాజధానిలోకి వచ్చేవి. ఎగువన కొత్త చెరువులు కట్టడం మీద 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. సింగాయభట్టు కాలంలో ఒకే ఏలికలో ఉన్న నేల అది. ఆయన కాలువ ఇప్పుడు తవ్వాలంటే రెండు రాష్ట్రాలు, ఒక ట్రిబ్యునలు కావాలి.

లేపాక్షి గుడి కూడా ఈ చెరువుల ఆర్థికం మీద నిలిచినదే. అచ్యుతరాయల కాలంలో, 1530ల దశాబ్దంలో, పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరుపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ కూర్మశైలం మీద వీరభద్రాలయాన్ని కట్టించారు. వేలాడే స్తంభాన్ని, పదిహేను అడుగుల ఎత్తున్న ఏకశిలా నందిని చూడటానికి వచ్చేవారు, ఇంతమంది శిల్పులు, చిత్రకారులు, కూలీలు ఏళ్ల తరబడి ఇక్కడ ఏ నీరు తాగి పనిచేశారని ఆలోచించరు. రాయి ఇక్కడే దొరికింది. నీటిని మాత్రం మనుషులు నిలబెట్టుకోవలసి వచ్చింది.

చెరువును కట్టినవాడి పేరు శాసనంలో మిగులుతుంది, కాపాడినవాడి పేరు మిగలదు. ఆ కాపలాకు ఒక ఏర్పాటుండేది. చెరువు కట్టించి, ఏటా మరమ్మతు చేయించే బాధ్యత తీసుకున్నవారికి దాని కింది శిస్తులో భాగాన్నో, భూమినో ఇచ్చేవారు. దశబంధం ఇనాం అంటే అదే. తూము తీసి మూయడానికి నీరుగంటి, పూడిక తీయడానికి ఊరంతా. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక దశబంధాలు కాగితాల మీద చాలాకాలం సాగాయి గాని, చెరువు బాధ్యత క్రమంగా ఊరి చేయి దాటి కచేరీకి చేరింది. పూడిక పెరిగింది. 1876లో మొదలైన ధాత కరువులో చెరువులు ఎండిపోయి, అడుగున మిగిలిన బురదనీటిని మనుషులు, పశువులు కలిసి తాగవలసిన స్థితి వచ్చింది. ఆకలితో సగం చచ్చిన జనాన్ని కలరా పూర్తిగా చంపింది. ఆనాటి మరణాలలో ఆకలివి ఎన్ని, నీటివి ఎన్ని అని విడదీయడం ఏ వైద్యుడికీ సాధ్యం కాదు.

చెరువుల కాలాన్ని స్వర్ణయుగంగా వర్ణించేవారికి ఇక్కడొక మాట చెప్పాలి. చెరువు నీరు వ్యవసాయానికి అమృతం కావచ్చు, తాగడానికి అది ఎప్పుడూ నిరపాయం కాదు. దాని పక్కనే ఉండే దిగుడు బావి ఇంకా ప్రమాదం. మెట్లు దిగి, మోకాలి లోతు నీటిలో నిలబడి బిందె ముంచుకునే బావి అది. కలరా, సన్నిపాత జ్వరం, జిగట విరేచనాలు అన్ని ప్రాంతాలకూ ఉన్నవే. దిగుడు బావికి సొంతమైన జబ్బు నారి కురుపు. నలభై ఏళ్ల లోపువారు దీన్ని చూసి ఉండరు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

నీటిలో సైక్లాప్స్ అనే, కంటికి కనిపించీ కనిపించనంత చిన్న పురుగు ఉంటుంది. నారి పురుగు పిల్లలు దాని కడుపులో చేరతాయి. ఆ నీరు తాగిన మనిషి కడుపులో సైక్లాప్స్ జీర్ణమైపోతుంది, పురుగు పిల్ల మాత్రం పేగు గోడను చీల్చుకుని ఒంట్లోకి చేరుతుంది. సుమారు ఏడాది దాకా ఏ లక్షణమూ ఉండదు. అప్పటికి ఆడ పురుగు మూరెడు, రెండు మూరల పొడవు పెరిగి, ఎక్కువగా కాలి దగ్గర చర్మం కిందికి వచ్చి బొబ్బ లేపుతుంది. నిప్పు పెట్టినట్టు మంట. ఆ మంటకు ఓర్వలేక మనిషి కాలు నీళ్లలో పెడతాడు. అదే పురుగుకు కావలసింది. బొబ్బ పగిలి లక్షల పిల్లలు నీటిలో కలుస్తాయి. బావిలోకి దిగి నీళ్లు ముంచుకునే ఊళ్లో ఈ చక్రం ఎన్నటికీ ఆగదు. దీనికి మందు లేదు. బయటికి వచ్చిన పురుగు కొసను చిన్న పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం చొప్పున వారాల తరబడి లాగాలి. తొందరపడి తెంపితే కాలంతా చీము. అది బయటపడేది ఎక్కువగా పొలం పనుల రోజుల్లో కావడంతో ఇంటిల్లిపాదికీ ఆ ఏడాది పంట పోయేది.

రాయలసీమ నుంచి ఈ జబ్బును తరిమింది వైద్యులు కాదు, తాపీ మేస్త్రీలు. 1983-84లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దిగుడు బావుల మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టి చేదబావులుగా మార్చారు. నీళ్లు గుడ్డతో వడగట్టి తాగమని ఇంటింటికీ చెప్పారు. చేతి పంపులు వేశారు. దేశంలో చివరి నారి కురుపు రోగి 1996 జులైలో నమోదయ్యాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఈ జబ్బు నుంచి విముక్తి పొందిందని ధ్రువీకరించింది. ఒక్క టీకా, ఒక్క మాత్ర లేకుండా, కేవలం నీళ్లు తెచ్చుకునే తీరు మార్చి ఒక వ్యాధిని దేశం నుంచి పంపించివేయడం మామూలు విషయం కాదు. దీనికి రావలసినంత కీర్తి రాలేదని నా అభిప్రాయం.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1970ల చివరి నుంచి ఇండియా మార్క్ రెండు చేతి పంపు ఊరూరా వచ్చింది. గట్టి రాతిలోకి బోరు దించే యంత్రాలు వచ్చాయి. భూమి లోపలి నీరు సూక్ష్మజీవులు లేని నీరు, కనుక సురక్షితమని అందరం నమ్మాం. కలరా మాటకొస్తే అది నిజమే. కాని ఈ సీమలోని నల్లరాతిలో ఫ్లోరైడ్ ఖనిజాలున్నాయి. నీరు రాతి పగుళ్లలో ఎంత కాలం నిలిస్తే, అందులో క్షారగుణం ఎంత ఎక్కువైతే, సున్నపు అంశం ఎంత తక్కువైతే, అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. కొత్త వాన ఇంకని చోట, పాత నీటినే తోడుకుంటూ బోర్లు ఇంకా ఇంకా లోతుకు దించుతున్న చోట ఇది సహజంగా జరిగే పని. బంగ్లాదేశ్‌లో కూడా కలరా నుంచి తప్పించడానికి గొట్టపు బావులు వేస్తే, ఆ నీటిలో ఆర్సెనిక్ ఉందని 1990లలో తేలింది. అక్కడ ఆర్సెనిక్, ఇక్కడ ఫ్లోరైడ్.

తెలుగువారికి ఫ్లోరోసిస్ కొత్త కాదు. నిజానికి ఎముకలను పట్టే ఈ వ్యాధిని ప్రపంచ వైద్యశాస్త్రం గుర్తించిన తొలి స్థలాల్లో మన నేల ఒకటి. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో పరిశోధించి, నడివయసులోనే వెన్ను కొయ్యబారిపోయి, మెడ తిప్పలేక, నడుము వంచలేక ఉన్న మనుషుల గురించి ప్రకటించారు. తాగే నీటిలోని ఫ్లోరైడే కారణమని చూపారు. తర్వాత నల్లగొండ పేరు ఈ వ్యాధికి పర్యాయపదమైపోయింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మరో రూపాన్ని గుర్తించారు. ఎదిగే పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయి, నడిచేటప్పుడు ఒకదానికొకటి ఒరుసుకునే వైకల్యం అది. నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చనీ, వేరే గతి లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చనీ మన ప్రమాణాలు చెబుతాయి. ఈ పరిమితి దాటిన బోర్లు అనంతపురం ప్రాంతంలో తక్కువేమీ కాదు.

పనిలో ఉన్న రోజుల్లో ఈ సీమ ఆసుపత్రుల్లో పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలను ఎందరినో చూశాను. తల్లులు పళ్లపొడి మార్చామని చెప్పేవారు. అది తోముడుతో పోయే మరక కాదు. పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడే పడిన ముద్ర. ఎనిమిదేళ్ల లోపు తాగిన నీటిని ఆ పిల్లవాడి పళ్లు జీవితాంతం చూపిస్తూనే ఉంటాయి. ఇక ఎముకల ఫ్లోరోసిస్ ముదిరాక వెనక్కి తిప్పే మందు ఇప్పటికీ లేదు. ఒక చిన్న ఉపశమనం చెప్పుకోవచ్చు. రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతున్నట్టు పోషకాహార సంస్థ 2002లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. రాగిసంగటిలోని కాల్షియం కూడా మేలే చేస్తుంది. మన పెద్దల చారు, సంగటి వృథా పోలేదని సంతోషించండి గాని, వాటిని నమ్ముకుని నీరు మార్చకుండా కూర్చోకండి.

బోరు నీటికి విరుగుడుగా వచ్చిందే దూరపు నీరు. అనంతపురం జిల్లాలో ఈ మార్పుకు నాంది 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం. చిత్రావతి, పెన్న అహోబిలం జలాశయాల నుంచి, నదుల ఇసుకలో వేసిన బావుల నుంచి ఏడు వందలకు పైగా గ్రామాలకు గొట్టాల ద్వారా నీరిచ్చిన పథకమది. ప్రభుత్వం కాక ఒక ట్రస్టు ఖర్చు భరించి, పూర్తిచేసి ప్రభుత్వానికి అప్పగించింది. తపాలా శాఖ 1999 నవంబరు 23న దీని మీద ఒక బిళ్ల కూడా విడుదల చేసింది. ఆ తర్వాత హిందూపురం పట్టణం పెన్న అహోబిలం జలాశయం నుంచి గొట్టాల్లో వచ్చే నీటి మీద ఆధారపడింది. అంత దూరపు గొట్టం దారిలో ఎక్కడ పగిలినా, ఏ పంపు ఆగినా పట్టణంలో ట్యాంకర్ల వెంట బిందెల వరుసలు కనిపించేవి. ఇటీవలి కాలంలో హంద్రీ-నీవా కాలువ మీది గొల్లపల్లి జలాశయం నుంచి హిందూపురానికి మరో గొట్టం వేశారు. హిందూపురం ఈ విధంగా తన నీటిని పలుమార్లు మార్చుకుంది. మడకశిర ఉపకాలువ ద్వారా లేపాక్షి పరిసరాల చెరువులకూ కృష్ణా జలాలు అందించవచ్చన్నది ఇప్పటి ఆశ.

ఈ ఆశ ఎంత ఎత్తు మీద నిలిచి ఉందో లెక్క వేయండి. హంద్రీ-నీవాకు నీరు తీసుకునేది కర్నూలు ప్రాంతంలోని మాల్యాల దగ్గర, శ్రీశైలం జలాశయం వెనుక నీటి నుంచి. శ్రీశైలం నిండుమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. హిందూపురం సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది. అంటే ఈ సీమలో మనిషి తాగే ప్రతి బిందెడు కృష్ణా నీటినీ వెయ్యి అడుగులకు పైగా మోటార్లు అంచెలంచెలుగా ఎత్తి పోయాలి. సింగాయభట్టు కాలువ పల్లానికి పారింది, మన కాలువ ఎత్తుకు ఎక్కుతోంది. పల్లానికి పారే నీటికి వాన చాలు. ఎత్తుకు ఎక్కే నీటికి వానతోపాటు కరెంటు కావాలి, ఆ కరెంటు బిల్లు ఎవరో ఒకరు ప్రతి నెలా కట్టాలి, ఎగువ రాష్ట్రాల్లో వానలు పడి శ్రీశైలం నిండాలి. ఇందులో ఏదీ లేపాక్షి పంచాయతీ చేతిలో ఉండదు.

అయితే దూరపు నీరు వద్దనడం నా ఉద్దేశం కాదు. నీటి మూలం మార్చడం ఎంత మేలు చేస్తుందో చూపిన ఉదాహరణ వైద్య విద్యార్థులందరూ చదివేదే. 1854లో లండనులో కలరా చెలరేగినప్పుడు రెండు కంపెనీలు ఒకే వీధుల్లో పక్కపక్క ఇళ్లకు నీళ్లిస్తుండేవి. లాంబెత్ కంపెనీ రెండేళ్ల ముందే తన నీటి తావును థేమ్స్ నదిలో మురుగు కలవని ఎగువకు మార్చుకుంది, సౌత్‌వార్క్ కంపెనీ మార్చుకోలేదు. జాన్ స్నో ఇల్లిల్లూ తిరిగి లెక్క తీస్తే, పదివేల ఇళ్లకు సౌత్‌వార్క్ నీళ్లు తాగినవాటిలో 315 మంది, లాంబెత్ నీళ్లు తాగినవాటిలో 37 మంది చనిపోయినట్టు తేలింది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో పిల్లలకు నది నీరు అందించడం కూడా అటువంటి మేలే.

మార్పు వికటించిన ఉదాహరణ అమెరికాలో ఉంది. మిచిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ పట్టణం డెట్రాయిట్ నుంచి నీళ్లు కొనుక్కునేది. ఖర్చు తగ్గించుకోవడానికి కొత్త ప్రాంతీయ పథకంలో చేరదలచి, దాని గొట్టం పూర్తయ్యేలోగా, 2014 ఏప్రిల్‌లో ఊరి పక్క నది నీటికి మారింది. ఆ నీరు లోహాన్ని తినే స్వభావం గలది. గొట్టాల లోపలి పొరను కాపాడే రసాయనం కలపలేదు. పాత సీసపు గొట్టాల నుంచి సీసం కరిగి పిల్లల రక్తంలో చేరింది. నీరు ఎర్రగా వస్తోందని, వాసన వేస్తోందని జనం మొత్తుకున్నా అధికారులు వినలేదు. మోనా హన్నా అతీషా అనే పిల్లల వైద్యురాలు రక్తపరీక్షల లెక్కలు 2015 సెప్టెంబరులో బయటపెట్టాక అక్టోబరులో పట్టణం తిరిగి డెట్రాయిట్ నీటికి వెళ్లింది. మన పల్లెల్లో సీసపు గొట్టాలు లేవు, ఆ భయం అక్కరలేదు. కాని కొత్త నీరు పాత గొట్టంలో పారినప్పుడు గొట్టాన్ని కూడా పరీక్షించాలన్న పాఠం మనకూ వర్తిస్తుంది. మన పాత గొట్టాల పక్కన ఉండేది సీసం కాదు, మురుగు కాలువ.

ఇదే నన్ను కలవరపెట్టే అంశం. రెండు మూడు రోజులకొకసారి నీరు వదిలే చోట, మిగతా సమయమంతా గొట్టం ఖాళీగా ఉంటుంది. ఖాళీ గొట్టం లోపలికి పీలుస్తుంది. ఎక్కడ అతుకు వదులుగా ఉంటే అక్కడి మురుగు లోపలికి చేరుతుంది. నీరు వదలగానే మొదటి కుళాయి తిప్పినవారి బిందెలోకి వస్తుంది. శుద్ధి కేంద్రంలో నీరు ఎంత స్వచ్ఛంగా ఉన్నా ఇది ఆగదు. 2018 మార్చిలో గుంటూరు వంటి నగరంలోనే కుళాయి నీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. బోరు నీరు తాగిన ఊరు నదినీటికి మారితే, ఏళ్ల మీద ఎముకలు తినే ప్రమాదం తగ్గి, గంటల్లో ప్రాణం తీసే ప్రమాదం పెరగడానికి అవకాశముంది. గొట్టం బాగుంటే, క్లోరిన్ సరిగ్గా ఉంటే ఆ రెండో ప్రమాదం కూడా ఉండదు.

ఈ రెండు ప్రమాదాల వేగంలో ఉన్న తేడాను గుర్తుంచుకుంటే బోర్లు మూయాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి, రోజూ తాగితేనే హాని చేస్తుంది. గొట్టం నీరు ఆగిన వారం రోజులు పెద్దవారు బోరు నీరు తాగితే ఎముకలు వంగిపోవు. ఆ వారం రోజులు ఎక్కడ నింపారో తెలియని ట్యాంకరు నీరు తాగితే మాత్రం ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. కనుక బోరు మూయకూడదు. దాని నీరు పరీక్ష చేయించి, ఫ్లోరైడ్ ఎంతో బోరు గోడ మీద రాయించి, రోజువారీ వాడకానికీ ఆపద్ధర్మానికీ ఉంచుకోవాలి. వంటకు, తాగడానికి నది నీరు. కొరత ఉన్న రోజుల్లో ఆ నది నీటిని మొదట గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు కేటాయించాలి. ఇరవై రూపాయల క్యాను నీళ్ల గురించి కూడా అడుగుతుంటారు. ఆ యంత్రాలు ఫ్లోరైడ్‌ను తీసేస్తాయి, నిజమే. కాని శుద్ధి చేసిన నీటికి మించి వ్యర్థజలాన్ని బయటికి పారబోస్తాయి. కరువు సీమలో ఇంత నీటిని మోరీ పాలు చేసే పద్ధతి శాశ్వత పరిష్కారమని నేననుకోను.

మరి చెరువు? వాన నీరైనా, కాలువ నీరైనా చెరువులో నిలిస్తే దాని చుట్టూ భూమిలోకి ఇంకుతుంది. చెరువు నిండిన ఏడు దాని కింది బావుల్లో కొత్త నీరు కలిసి ఫ్లోరైడ్ పలచబడుతుంది. ఎండిన ఏడు తిరిగి చిక్కబడుతుంది. హంద్రీ-నీవా నీరు చెరువులోకి వస్తే ఊరికి రెండు విధాల మేలు. పంపు ఆగిన నెలల్లో నిలవ ఉంటుంది, బోరు నీటి గుణం కూడా మెరుగుపడుతుంది. అయితే చెరువు నీటిని వడపోసి, క్లోరిన్ కలపకుండా తాగకూడదు. పంపే కాలువను బాగుచేసి, పూడిక తీసి, వంకల్లో ఆక్రమణలు తొలగించకుండా చెరువును కృష్ణ నీటికి పాత్రగా వాడుకోలేం. ఇంటింటికీ కుళాయి ఇవ్వాలని 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. ఆ కుళాయి వెనుక ఎన్ని రోజుల నిలవ ఉందన్న ప్రశ్న గ్రామసభలో ఎవరో ఒకరు లేవనెత్తాలి. 2022లో లేపాక్షి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాక యాత్రికుల సంఖ్య పెరుగుతుందని అందరూ ఆశిస్తున్నారు. వారికి కావలసిన నీరు కూడా ఈ లెక్కలోనే ఉండాలి.

ఇక మీరే చేయగలిగిన ఒక పరీక్ష ఉంది. మీ ఊరి నీటి ట్యాంకు నుంచి గొట్టం ఏ వీధిలో ముగుస్తుందో కనుక్కోండి. ఆ చివరి కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దీన్ని చూడటానికి పంచాయతీలోనో, ఆరోగ్య కేంద్రంలోనో క్లోరోస్కోపు అనే చిన్న పెట్టె ఉంటుంది. గాజు గొట్టంలో నీరు పోసి, మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. పక్కనున్న రంగుల గుర్తులతో పోల్చి చూడటమే. అయిదు నిమిషాల పని. రంగు రాలేదంటే ట్యాంకులో క్లోరిన్ కలపలేదని గాని, దారిలో మురుగు కలుస్తోందని గాని అర్థం. నీరు వదిలిన వెంటనే ఒకసారి, అరగంట తర్వాత ఒకసారి చూడండి. మొదటిసారి రంగు రాక, రెండోసారి వస్తే, అతుకు ఎక్కడో వదులుగా ఉంది. ఆ రోజు ఏ వీధిలో చూశారో, రంగు వచ్చిందో లేదో తేదీతో సహా పంచాయతీ గోడ మీద రాయించండి.